పొగబండి, పొగ ట్యాంకు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)

  నేను 1986 పదో తరగతి, బి సెక్షను. కిటికీ పక్క మూడో బెంచీ. ఆ బెంచీ ఇప్పుడు లేదు, నిన్న వెళ్లి చూశాను.

కమిటీ వాళ్లు ఫోన్ చేసి, "పవర్ ఎలక్ట్రానిక్స్ భవిష్యత్తు మీద ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ముప్ఫై ఏళ్లుగా నేను చేసే పని మోటార్ డ్రైవులు. సిమెంటు ఫ్యాక్టరీలో ఫ్యానూ, ఊరి నీళ్ల పంపూ ఎంత వేగంతో తిరగాలో చెప్పే ఇనప బీరువాలు అనుకోండి. భోజనాల ముందు వాటి భవిష్యత్తు గురించి చెబితే మీరు నిద్రపోతారు. అందుకని ఈ బల్ల మీద తువ్వాలు కప్పి పెట్టినదాని గురించి మాట్లాడతాను. ఇదొక బొమ్మ. యాభై అయిదేళ్లవాడు బొమ్మ తెచ్చాడేమిటని నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఆ నవ్వు పాతబడిపోయింది.

తువ్వాలు తీస్తున్నాను. ఇది టీ-72 ట్యాంకు, అసలు దానికి పదహారో వంతు. తుపాకీ గొట్టంతో కలిపి రెండడుగులకి కాస్త తక్కువ. రేడియో రిమోట్‌తో నడుస్తుంది, టరెట్ తిరుగుతుంది, ఇంజను చప్పుడు చేస్తుంది, పొగ వదులుతుంది. అసలు టీ-72 రష్యా వాళ్లది. మన సైన్యంలో దాన్ని అజేయ అంటారు. మద్రాసు పక్కన ఆవడిలో తయారుచేశారు. మన తెలుగు నేల మీద పాత మెదక్ జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారైంది దీని చిన్న తమ్ముడి లాంటి బండి, సైనికుల్ని మోసే సారథ్.

ట్యాంకు అంటే మనకి చెరువు, లేదా మేడ మీద నీళ్ల తొట్టి. ఆ రెండూ వేరు మాటలు కావు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్లు ఈ యంత్రాన్ని తయారుచేస్తూ, రహస్యం పొక్కకుండా నీళ్ల ట్యాంకులని చెప్పుకున్నారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ దగ్గర అవి మొదటిసారి యుద్ధంలోకి దిగాయి, అప్పటికి ఆ దొంగపేరే ఖాయమైపోయింది. ఆ ట్యాంకు అనే మాట కూడా మన గుజరాత్ వైపు నుంచి పోర్చుగీసు వాళ్ల నోట పడి ఇంగ్లీషులోకి వెళ్లిందని ఒక వాదం ఉంది. అది నిజమైతే హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ట్యాంకులేవని అడిగే పిల్లవాడిది తప్పేమీ లేదు.

ఇక నాకీ పిచ్చి ఎలా పట్టిందంటే... 2009లో మా కంపెనీ నన్ను మూడేళ్లకి జర్మనీలో న్యూరెంబర్గ్ పంపింది. ఏటేటా పెద్ద ఆటబొమ్మల సంత జరిగే ఊరది. మా పక్క వాటాలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఫ్యాక్టరీలో డైలు చేసి రిటైరైన మనిషి. అపార్టుమెంటు కింద నేలమాళిగలో ప్రతి ఇంటికీ ఒక గది ఉంటుంది. మనవాళ్లు అక్కడ ఆవకాయ జాడీలు పెట్టుకుంటారు, ఆయన లేతు మిషను పెట్టుకున్నాడు. ఒక చలికాలం సాయంత్రం పొగ వాసన వచ్చి కిందికి దిగితే, ఆయన స్టూలు మీద కూర్చుని టైగర్ ట్యాంకు బొమ్మని నడుపుతున్నాడు. జపాన్ టమియా కంపెనీ కిట్టు అది. పొగ యంత్రం మటుకు ఆయన సొంతంగా అమర్చుకున్నాడు. రెండు సైలెన్సర్ల నుంచి సన్నగా, తెల్లగా పొగ. నేను మెట్ల మీదే నిలబడిపోయాను.

ఒక సంగతి నాకు కొన్నాళ్ల దాకా అర్థం కాలేదు. ఆ బొమ్మలో అన్ని చప్పుళ్లూ ఉన్నాయి, ఫిరంగి పేలే చప్పుడు తప్ప. చెడిపోయిందేమో బాగుచేస్తానన్నాను. "చెడిపోలేదు, నేనే తీసేశాను" అన్నాడు. 1945 జనవరి 2 రాత్రి ఆ ఊరి పాత పేట మీద బాంబులు పడ్డాయి. అప్పటికి ఆయనకి ఏడేళ్లు. వాళ్లమ్మతో కలిసి అలాంటి నేలమాళిగలోనే కూర్చున్నాడట. మరి ట్యాంకు బొమ్మెందుకని నేను అడగలేదు. ఆయనకి గేర్లు ఇష్టం, ఇంజనంటే ఇష్టం, పేలుడు ఇష్టం లేదు. నేనూ ఇప్పుడు నా ట్యాంకులో ఆ చప్పుడు పెట్టను. సాయంత్రం చిన్నపిల్లలు నిరాశపడితే క్షమించాలి.

మర్నెల నేనూ ఒక టైగర్ కొన్నాను. చైనా హెంగ్ లాంగ్ కంపెనీది, టమియా కంటే బాగా చవక, పెట్టెలోంచి తీసి నడుపుకోవచ్చు. అసలు సరదా నడపడంలో లేదు, ఇప్పి మళ్లీ బిగించడంలో ఉంది. ఈ బొమ్మలు పట్టుకున్నవాళ్లు జర్మనీలోనైనా, అమెరికాలోనైనా మొదట పీకేవి రెండు: లోపలి సర్క్యూట్ బోర్డు, పొగ యంత్రం.

పొగ యంత్రం అంటే ఏమీ లేదు, మన దీపపు కుందె. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. అందులో నాలుగైదు మిల్లీలీటర్ల నూనె, నూనెలో మునిగిన ఒత్తి, ఒత్తికి చుట్టిన నైక్రోమ్ తీగ. తీగలో కరెంటు పోతే ఒత్తిలోని నూనె ఆవిరవుతుంది. ఆ ఆవిరి బయటి చల్లగాలి తగలగానే కంటికి కనపడనంత సన్నటి తుంపరగా మారుతుంది. కోట్లకొద్దీ ఆ తుంపరలు వెలుగుని చెదరగొట్టడం వల్ల మనకి తెల్లగా కనిపిస్తుంది. అంటే అది కాలిన పొగ కాదు, నూనె మంచు. దాన్ని బయటికి తొయ్యడానికి చిన్న మోటారు ఒకటి, దానికి పంపో ఫ్యానో ఉంటుంది. అసలు టీ-72 కూడా ఇదే పని చేస్తుంది: శత్రువుకి కనపడకుండా ఉండాలంటే వేడి సైలెన్సరులోకి డీజిలు చిమ్ముతుంది, వెనక తెల్లటి గోడ లేస్తుంది. కుందె పెద్దదైంది, అంతే.

నూనె విషయంలో ఒక్క మాట, ఇంట్లో ప్రయత్నించేవాళ్లు ఉంటారు కనక. కొబ్బరి నూనె, నువ్వుల నూనె లాంటి వంటనూనెలు పనికిరావు. వేడికి జిగురులా మారి ఒత్తిని పూడ్చేస్తాయి, కళ్లు మండే ఘాటు వస్తుంది. మాడిన మూకుడు దగ్గర వచ్చే ఘాటే అది. పారఫిన్ నూనె వాడాలి. అంగట్లో చంటిపిల్లలకి రాసే బేబీ ఆయిల్ కూడా చాలామటుకు అదే, కాస్త సెంటు కలుపుతారు. అది పోస్తే ట్యాంకు వెనక ఇల్లంతా బాలింత గది వాసన.

కంపెనీ వాళ్ల యంత్రంలో తీగా మోటారూ ఒకే రెండు వైర్లకి కలిపి ఉంటాయి. స్విచ్చి వేస్తే రెండూ ఒకేసారి మొదలు, ఆపితే రెండూ ఒకేసారి ఆగుతాయి. తీగ వేడెక్కక ముందే ఫ్యాను తిరిగి దాన్ని చల్లారుస్తుంది. ఆపిన తరవాత మటుకు తీగ వేడిగానే ఉంటుంది, ఫ్యాను ఉండదు. ఆ ఆవిరంతా బొమ్మ కడుపులోనే చేరి సర్క్యూటు మీద జిడ్డుగా దిగుతుంది. ట్యాంకు నిలబడ్డా, ఏనుగు గుట్టెక్కినట్టు ఎక్కుతున్నా పొగ ఒకే రకంగా వస్తుంది. కాబట్టి మొదటి సంస్కరణ, వాటికి విడాకులు ఇప్పించడం. తీగకి ఒక స్విచ్చి, ఫ్యానుకి ఒక స్విచ్చి. ముందు తీగ పది సెకన్లు కాగుతుంది, అప్పుడు ఫ్యాను మొదలు. ఆపేటప్పుడు ముందు తీగ ఆగుతుంది, ఫ్యాను ఇంకో పావు నిమిషం తిరిగి కడుపు ఖాళీ చేస్తుంది.

ఆ స్విచ్చిలు చేతితో వేసేవి కావు, మాస్‌ఫెట్‌లు. ఇక్కడ ఇంజనీరింగు చదివే పిల్లలు ఎవరైనా ఉంటే చెబుతున్నా, నేను పడ్డ గోతిలో పడకండి. నా డబ్బాలో ఐఆర్ఎఫ్ 540 లు బోలెడున్నాయని అవే వేశాను. దాని గేటుకి పది వోల్టులిస్తేనే అది పూర్తిగా తెరుచుకుంటుంది. చిన్న బోర్డు ఇచ్చేది అయిదు. సగం తెరిచిన కుళాయిలాగా ఉండి, తీగ కన్నా అదే ఎక్కువ కాగింది. అయిదు వోల్టులకే బాగా తెరుచుకునే ఐఆర్ఎల్‌జెడ్ 44 వేస్తే చల్లగా కూర్చుంది. వంద కిలోవాట్ల డ్రైవులు తయారుచేసేవాడికి ఇది తెలియదా అంటే, తెలుసు. తెలిసిన తప్పులే చేశాను, ఇంకోటి వస్తోంది వినండి.

2020 మే. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఇంట్లో ఉన్నాం. టైగర్‌కి కంపెనీ బోర్డు తీసేసి నా సొంత బోర్డు పెట్టాను. ఇనప చెయిన్లు వేశాక బరువు పెరిగింది, గడప దాటలేకపోతోంది. అందుకని 7.2 వోల్టుల పాత బ్యాటరీ తీసి, మూడు సెల్లుల లిథియం బ్యాటరీ పెట్టాను. నిండా చార్జి చేస్తే 12.6 వోల్టులు. మోటార్ల సంగతి లెక్క కట్టాను, బోర్డు సంగతి లెక్క కట్టాను. పొగ తీగ బ్యాటరీకి సూటిగా కలిపి ఉందన్న సంగతి మటుకు తట్టలేదు.

మా అమ్మాయి ఫోనుతో వీడియో తీస్తుంటే డైనింగ్ టేబుల్ మీద నడిపాను. పొగ అద్భుతంగా వచ్చింది. ఇంత పొగ ఎప్పుడూ రాలేదని మురిసిపోయాను కూడా. రెండు నిమిషాలకి పొగ రంగు మారింది. తెలుపు పోయి బూడిద రంగు, తరవాత నలుపు. నూనె అయిపోయింది, డబ్బా ప్లాస్టిక్కు కరిగి తీగ మీద పడి అంటుకుంది. దానికి నాలుగంగుళాల దూరంలో లిథియం బ్యాటరీ. అది అంటుకుంటే ఆర్పడం కష్టం. నేను చేత్తో బ్యాటరీ పీకి బాల్కనీలోకి విసిరాను. మా ఆవిడ తడి గోనె తెచ్చి ట్యాంకు మీద వేసింది. బొటనవేలు కాలింది, టేబుల్ క్లాత్ పోయింది, ఇంకేమీ కాలేదు.

అందరం కిటికీలు తెరిచి కూర్చున్నాక ఆ వాసన తెలిసింది. కాలిన పత్తి, కాలిన రంగు. అది నాకు పాత వాసన. 1985 ఫిబ్రవరి, మన సైన్సు ల్యాబు.

అప్పట్లో ఉన్నవాళ్లకి ఆ మంట గుర్తుండే ఉంటుంది. సైన్సు ఫెయిరుకి నేనూ నా బెంచీమేటూ అట్టతో పొగబండి చేశాం. ఇంజను గొట్టంలోంచి నిజంగా పొగ రావాలి. ల్యాబులో జౌల్ నియమం ప్రయోగానికి పెట్టిన నైక్రోమ్ తీగలోంచి ఒక మూర తుంచాను, ఎవర్నీ అడగలేదు. వంటింటి ఒత్తి, మా నాయనమ్మ కొబ్బరి నూనె. ల్యాబులో బ్యాటరీ ఎలిమినేటరు ఉండేది, నాబ్ తిప్పితే పన్నెండు వోల్టుల దాకా. ఆరు దగ్గర పెట్టి ముందురోజు చూస్తే సన్నగా, ముద్దుగా పొగ వచ్చింది. ఫెయిరు రోజు డీఈఓ గారు వస్తున్నారని తెలిసి నాబ్ పన్నెండుకి తిప్పాను. రెట్టింపు వోల్టేజికి రెట్టింపు పొగ వస్తుందనుకున్నాను. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగింతలని మా సైన్సు మాస్టారు ఆ నెలలోనే చెప్పారు. పరీక్షలో ఆ లెక్కకి నాకు అయిదుకి అయిదు వచ్చాయి. ఆ పేపరు ఇంకా ఉంది.

డీఈఓ గారు చూశారు, భుజం తట్టారు, మాకు రెండో బహుమతి రాశారు. మేం భోజనానికి పరుగెత్తాం. స్విచ్చి ఆపలేదు. నూనె ఆరింది, ఒత్తి అంటుకుంది, అట్ట అంటుకుంది, బల్ల మీద ఆయిల్‌క్లాతు, గోడ మీద చార్టులు. మేం తిరిగొచ్చేసరికి మా ల్యాబు అటెండరు బాబాయి ఇసక బకెట్టుతో మంట ఆర్పేశాడు. ఎలిమినేటరు తీగ పీకబోయి కుడి అరచేయి కాల్చుకున్నాడు. హెడ్మాస్టరు గారు వచ్చి, "స్విచ్చి ఎవరు ఆపలేదు?" అని అడిగారు. గదిలో నేనున్నాను, నా మిత్రుడున్నాడు, ఇంకో పదిమంది ఉన్నారు. బాబాయి నా వైపు చూశాడు. "భోజనం బెల్లు కొట్టాక ల్యాబులో స్విచ్చిలన్నీ ఆపడం నా పనేనండీ, మర్చిపోయాను" అన్నాడు. ఆయనకి మెమో ఇచ్చారు. ఆ సాయంత్రం నేను స్టేజీ ఎక్కి రెండో బహుమతి తీసుకున్నాను. జామెట్రీ బాక్సు. ఆయన చేతికి గుడ్డ కట్టుకుని బల్లలు మోస్తున్నాడు.

నేను నోరు విప్పలేదు. ఆ రోజు విప్పలేదు, పదో తరగతిలో విప్పలేదు, ఇంజనీరింగులో సీటొచ్చాక మిఠాయి పట్టుకొచ్చినప్పుడూ విప్పలేదు. ఆయనే గేటు దాకా వచ్చి, "ఒరే అబ్బాయ్, పెద్ద కరెంటు ఇంజనీరువి అవుతున్నావంట" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో నలభై ఏళ్లుగా ఆలోచిస్తున్నాను. 2003లో ఆయన పోయారని ఎవరి పెళ్లిలోనో తెలిసింది.

ఆయన కుటుంబం ఈ ఊళ్లో లేదు. కొడుకు రాజమండ్రిలో ఉన్నారని కమిటీ వాళ్లు కనుక్కుని నంబరిచ్చారు. పది రోజుల క్రితం ఫోన్ చేసి మొత్తం చెప్పాను. కాసేపు ఆయనేమీ అనలేదు. తరవాత అడిగారు, "ఆ పొగబండి మీదేనా అండీ? నాన్నగారి అరచేతిలో మచ్చ ఉండేది. ఏమిటని అడిగితే పొగబండి కాల్చిందిరా అనేవారు. చిన్నప్పుడు స్టేషనులో పనిచేసేవారేమో, నిజం రైలేమో అనుకున్నాం మేము." అంతే. నన్నేమీ అనలేదు, క్షమించాననీ అనలేదు. ఇవాళ రమ్మని పిలిచాను, రాలేకపోయారు. మెమో ఇచ్చిన తప్పు ఆయనది కాదని ఈ స్కూలు ఆవరణలో, మైకులో, ఒకరు చెప్పాలి కదా. చెబుతున్నాను. స్విచ్చి ఆపనిది నేను.

సరే, ట్యాంకు దగ్గరికి వద్దాం.

2020లో బొటనవేలికి మందు రాసుకుంటూ లెక్క వేశాను. తొమ్మిదో తరగతి లెక్కే. నా తీగ నిరోధం ఎనిమిది ఓములు. 0.2 మిల్లీమీటర్ల నైక్రోమ్ అయితే జానెడు పైన కాస్త, ఇరవై మూడు సెంటీమీటర్లు. 7.2 వోల్టుల దగ్గర ఆరున్నర వాట్లు. 12.6 దగ్గర దాదాపు ఇరవై. మూడింతలు! 1985లో నాలుగింతలు చేశాను, ముప్ఫై అయిదేళ్ల అనుభవంతో మూడింతలకి తగ్గించాను.

దీనికి మందు రెండు భాగాలు. మొదటిది తేలిక. తీగకి కరెంటు ఏకధాటిగా ఇవ్వకుండా సెకనుకి కొన్ని వందలసార్లు ఆన్, ఆఫ్ చేస్తాం. బ్యాటరీ నిండుగా 12.6 ఉన్నప్పుడు సమయంలో మూడో వంతు మటుకే ఆన్. 11.1 కి దిగితే నూటికి 42 వంతులు. 10కి దిగితే సగం పైన. బోర్డు బ్యాటరీ వోల్టేజిని ఎప్పటికప్పుడు చూసుకుని దాని వర్గంతో భాగిస్తుంది. ఏ బ్యాటరీ పెట్టినా తీగకి అందేది ఆరున్నర వాట్లే.

కానీ ఆరున్నర వాట్లయినా నూనె ఆరిపోతే ప్రమాదమే. రెండో భాగం అది, నాకు ఆర్నెల్లు పట్టింది. నూనె ఆరిందని యంత్రానికి ఎలా తెలియాలి? మొదట తీగనే అడుగుదామనుకున్నాను. బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడెక్కితే దాని నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది, కొలిస్తే వేడి తెలిసిపోతుంది. నైక్రోమ్ అలా కాదు, ఎంత ఎర్రగా కాలినా నూటికి కొద్ది పాళ్లే పెరుగుతుంది. హీటర్లకి దాన్ని వాడటానికి అదీ ఒక కారణం. నాకు మటుకు అదే అడ్డమైంది. వైర్ల చివర జాయింటు వదులైతే వచ్చే తేడా, తీగ కాలితే వచ్చే తేడా ఒకటేలా కనపడ్డాయి. రెండు నెలలు వృథా.

దారి చూపింది మా వంటింట్లో ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు. అన్నం ఉడికిందని దానికెలా తెలుస్తుంది? తెలియదు. నీళ్లున్నంతసేపు గిన్నె అడుగు వంద డిగ్రీలు దాటదు, ఎంత వేడి ఇచ్చినా నీళ్లు ఆవిరవడానికే పోతుంది. నీళ్లు అయిపోగానే వేడి పైకి ఎగబాకుతుంది. అడుగున ఉన్న ప్రత్యేకమైన అయస్కాంతం వంద దాటి కొద్ది డిగ్రీలకి పట్టు వదిలేస్తుంది, స్విచ్చి టక్కున పడుతుంది. నూనెకీ అదే సూత్రం. ఒత్తిలో నూనె ఉన్నంతసేపు వేడి ఒకచోట నిలుస్తుంది, ఆరితే ఎగబాకుతుంది.

అయస్కాంతం బదులు ఆవగింజంత గాజు పూస వాడాను. దాన్ని థర్మిస్టరు అంటారు, 3డీ ప్రింటర్లలో వేడి కొలవడానికి వాడేదే, చాలా చవక. దాన్ని ఒత్తి పక్కన ఇత్తడి గొట్టానికి కట్టాను. ఇప్పుడు డబ్బా కూడా ప్లాస్టిక్కు కాదు, ఇత్తడి. ఒత్తి పత్తిది కాదు, గాజు పీచుది, అంటుకోదు. నేను పెట్టిన చోట పూసకి, నూనె ఉన్నంతసేపు నూట యాభై ప్రాంతంలో అంకె అటూ ఇటూ ఊగుతుంది. ఆరితే పది పన్నెండు సెకన్లలో రెండొందలు దాటుతుంది. మొదట రెండొందలకి ఆపెయ్యమని రాశాను. తరవాత తెలిసింది, ఎండలో ఒకలా, ఏసీ గదిలో ఒకలా ఉంటుంది, ఫ్యాను జోరుగా తిరిగితే పూస చల్లబడి అబద్ధం చెబుతుంది. అందుకని ఎంత వేడి అని కాక, ఎంత త్వరగా ఎక్కుతోందని చూడమన్నాను. వరసగా మూడు సెకన్లు గబగబా ఎక్కితే తీగ ఆపు. పూస వైరు తెగినా ఆపు. పై హద్దు ఎలాగూ ఉంది. ఇవన్నీ తప్పినా దానికి విడిగా ఒక ఫ్యూజు ఉంది. ప్రోగ్రాము హ్యాంగైపోయి మాస్‌ఫెట్టు ఆన్‌లోనే ఉండిపోతే అని మీరడగొచ్చు. ఆ ఒక్క చిక్కు కోసం ఇంకో చిన్న సర్క్యూటు వేశాను. ప్రోగ్రాము బతికున్నట్టు క్షణక్షణం చెప్పకపోతే తీగకి కరెంటు పోదు. మా ఆఫీసు కుర్రాళ్లు దీన్ని చూసి, "సార్, సిమెంటు ఫ్యాక్టరీకి కూడా ఇంత పెట్టలేదు కదా" అన్నారు. పెట్టలేదు.

ఇక మిగతావి త్వరగా చెబుతాను. బ్రష్షు మోటార్లు నిప్పురవ్వలతో రేడియోని చెడగొడతాయి, ఒక్కొక్కదానికి చిన్న కెపాసిటర్లు అతికించాలి. ఫ్యాను మోటారుకి ఎదురు డయోడు మర్చిపోతే మాస్‌ఫెట్టు చస్తుంది. రిసీవరుకి విడిగా అయిదు వోల్టుల సరఫరా ఉండాలి. లేకపోతే గుట్ట ఎక్కేటప్పుడు మోటార్లు బ్యాటరీని పీల్చేస్తే రిసీవరు స్పృహ తప్పుతుంది. బోర్డు మీరే కనిపెట్టక్కర్లేదు. ఓపెన్ పాంజర్ అని ఉంది, ఈ పిచ్చివాళ్లే తయారుచేసి పథకాలన్నీ అందరికీ వదిలేశారు. దాని గుండె ఆర్డుయినో మెగాలో ఉండే చిప్పే, ఇప్పుడు చాలా స్కూళ్లలో పిల్లలు వాడుతున్నదే. నేను చాలా సంగతులు అందులోంచే నేర్చుకున్నాను.

ఒక్కటి మటుకు మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. ఫ్యాను వేగాన్ని ట్యాంకు వేగానికి కట్టాను. వేగం పెరిగితే పొగ పెరుగుతుంది, న్యాయంగా ఉంది అనుకున్నాను. మా అమ్మాయి చూసి, "ఆటోలా ఉంది నాన్నా, లారీలా లేదు" అంది. నాలుగు రోజులు ఓఆర్ఆర్ పక్కన నిలబడి లారీలు చూశాను. లోడు లారీ కదలక ముందే నల్లగా కక్కుతుంది, వేగం అందుకున్నాక పొగ సన్నబడుతుంది. పొగ వేగానికి కాదు, ప్రయాసకి. నలభై ఒక్క టన్నుల ట్యాంకు అసలే అలా ఉండాలి. ఇప్పుడు రిమోట్ పుల్ల తొయ్యగానే ముందు ఇంజను గుర్రుమంటుంది, పొగ గుప్పుమంటుంది, ఒక క్షణం తరవాతే బండి కదులుతుంది. ఎడమ పక్కనే పొగ వస్తుంది, చూడండి, టీ-72 సైలెన్సరు అటే ఉంటుంది. న్యూరెంబర్గ్ పెద్దాయనకి వీడియో పంపాను. ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు. చప్పుడు విని బాగుందన్నాడు. ఫిరంగి లేదు కదా అని మళ్లీ అడిగాడు.

నాలుగు గంటలకి వాలీబాల్ కోర్టులో దీన్ని నడుపుతాను. మూడు మిల్లీలీటర్ల నూనే పోస్తాను, పది నిమిషాలకి అయిపోతుంది. అయిపోయాక కూడా స్విచ్చి ఆపను, కావాలనే. అది దానంతట అది ఆగాలి. ఆగుతుందో లేదో చూడాలనుకునేవాళ్లు చివరిదాకా ఉండండి. మా సైన్సు మాస్టారికి ముందు వరసలో కుర్చీ వేయించాను, పొగ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు. పక్కన ఇసక బకెట్టు కూడా పెట్టమన్నాను. స్టోరు రూములో ఇంకా అవే ఎర్ర బకెట్లు ఉన్నాయి.